ఇరవయ్యేళ్ల పాలపొడి మనకెందుకు?

పాలపొడి ఇంట్లో నిలవ ఉంచుకోవాలా అని అడిగితే ఉంచుకోవాలనే అంటాను. విశాఖలో ఉంటూ, హుద్‌హుద్ తుఫాను చూసినదాన్ని ఇంకోలా ఎలా అంటాను? కానీ ఈమధ్య యూట్యూబ్ చూసి మనవాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. వెండిరంగు సంచులు, ఆక్సిజన్ పీల్చే పొట్లాలు ఆన్‌లైన్లో తెప్పించుకుని, వాటినిండా పాలపొడి కూరి, మీద "2045 దాకా" అని స్కెచ్ పెన్నుతో రాసి అటకెక్కించడం. నా పేచీ దాంతోనే. మా అపార్ట్‌మెంట్లోనే ఒకాయన ఈ పని చేశారు. రిటైరైన ఇంజనీరు. పనితనానికి వంక పెట్టలేం, సంచుల అంచులు ఇస్త్రీపెట్టెతో అంత శుభ్రంగా అతికించారు. లోపల పోసిందేమో వెన్న తీయని పాలపొడి. పెట్టిందేమో సరిగ్గా డాబా కింద ఉన్న ఫ్లాట్‌లో, వంటింటి అటక మీద.

మన ఊళ్లలో పాలపొడి ఏళ్లకు దాచే సరుకు కాదు, నెలలకు దాచే సరుకు. అదీ వెన్న తీసిన పొడి అయితేనే. వెన్న సంగతి చూసుకోవడానికి మన ఇళ్లల్లో నెయ్యి ఎప్పుడూ ఉంది. ఈ మాట వంటింట్లో కూర్చుని నేను కనిపెట్టింది కాదు. పాలు ఎండబెట్టి దాచుకున్నవాళ్లు, దేశాల మధ్య ఓడల్లో పంపుకున్నవాళ్లు అందరూ చేసింది ఇదే.

ఇరవయ్యేళ్ల మాట కూడా ఉత్త గాలికబురు కాదు లెండి. అమెరికాలో యూటా రాష్ట్రం కేంద్రంగా ఉన్న లేటర్ డే సెయింట్స్ చర్చి, వాడుకలో మోర్మన్లంటామే వాళ్లు, కష్టకాలానికి ఇంట్లో తిండి సరుకు నిలవ పెట్టుకోమని తమవాళ్లకు తరాలుగా చెబుతున్నారు. గోధుమలు, బియ్యం, చిక్కుడు గింజలు, ఓట్సు, వాటితోపాటు పాలపొడి. ఇవి అమ్మడానికి చర్చికి సొంత కేంద్రాలే ఉన్నాయి. వెన్న తీసిన పాలపొడి 20 ఏళ్లు నిలుస్తుందని వాళ్ల లెక్క. అక్కడి బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి నిలవున్న డబ్బాలు తెరిచి, కలిపి, జనానికి రుచి చూపించి పరిశోధనలు కూడా చేశారు. పాతబడినకొద్దీ రుచి తగ్గింది గానీ, గత్యంతరం లేనప్పుడు తాగొచ్చు అన్నవాళ్లే ఎక్కువ.

అయితే ఆ లెక్క పక్కనే కొన్ని షరతులు ఉంటాయి. వీడియోల్లో అవి ఎవరికీ వినబడవు. వేడి 24 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. చోటు పొడిగా ఉండాలి. డబ్బాలోకి గాలి చొరబడకూడదు, లోపలున్న ఆక్సిజన్ కూడా తీసేసి ఉండాలి. ఆ చర్చి కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీ ఎడారి పక్కన ఉన్న ఊరు. గాలిలో తేమ తక్కువ. ఇళ్ల కింద నేలమాళిగలు ఉంటాయి, వేసవిలో కూడా చల్లగా ఉంటాయి. మరి మనకో? మే నెలలో విజయవాడ, రామగుండం 45 డిగ్రీలు చూస్తాయి. విశాఖలో ఎండ అంత లేకపోయినా ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారుతుంది, అప్పడాలు పొద్దున వేయిస్తే సాయంత్రానికి మెత్తబడతాయి. 24 డిగ్రీలన్నది మనకు ఏసీ రిమోట్ మీద తప్ప కనబడని అంకె.

వేడి పది డిగ్రీలు పెరిగితే సరుకు చెడే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఆహారశాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన వాళ్ల ఇరవయ్యేళ్లు 34 డిగ్రీల దగ్గర పదేళ్లు, 44 దగ్గర ఐదేళ్లు. అది కూడా వాళ్ల రేకు డబ్బాకి, వెన్న తీసిన పొడికి. మన పాలిథిన్ పొట్లానికీ, వెన్న ఉన్న పొడికీ ఆ లెక్కే వర్తించదు. కంపెనీ ప్యాకెట్ మీద ఏడాది అటూ ఇటూ గడువు వేస్తుందంటే ఊరికే వేయదు.

లోపల జరిగేదేమిటో కాస్త చెప్పుకోవాలి. వెన్న తీసిన పాలపొడిలో సగం దాకా లాక్టోస్, అంటే పాలలో ఉండే చక్కెర. మూడో వంతు పైన మాంసకృత్తులు. మన ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం తేమ 5 శాతం మించకూడదు, వెన్న 1.5 శాతం మించకూడదు. పాలను ముందు చిక్కబరిచి, వేడిగాలి తిరిగే పెద్ద గదిలోకి సన్నటి తుంపరలా చిమ్ముతారు. తుంపర నేలను తాకేలోపే ఎండి పొడి అవుతుంది. ఎంత గబగబా ఎండుతుందంటే లాక్టోస్‌కి పలుకు కట్టే వ్యవధి కూడా ఉండదు. అందుకే ఆ పొడికి తేమంటే విపరీతమైన దాహం. గాలి తగిలితే చాలు, తేమ పీల్చుకుని బంకబంకగా అయి, ఆ తర్వాత పలుకులు కట్టి గడ్డలవుతుంది. గడ్డ కట్టిన పొడి మళ్లీ పొడిగా మారదు, మిక్సీలో వేసినా సరే.

రెండో గొడవ రంగు. లాక్టోస్, మాంసకృత్తులు పక్కపక్కన ఉండి వేడి తగిలితే రెండూ కలిసి గోధుమరంగుకు తిరుగుతాయి. పాలు మరగబెట్టి కోవా చేసేటప్పుడు వచ్చే రంగు ఇదే. పొయ్యి మీద గంటలో అయ్యేది అటక మీద నెలల్లో అవుతుంది, అంతే తేడా. ఇందులో పోయేది మాంసకృత్తుల్లోని లైసిన్ అనే పోషకం. మనం తినే అన్నంలో తక్కువుండేది సరిగ్గా అదే, పాలూ పప్పూ పూడ్చేదీ అదే. అంటే చూడ్డానికి పాలలా ఉన్నా, ఏ మేలు కోసం దాచామో ఆ మేలే ముందు జారిపోతుంది.

ఇంజనీరు గారి సంచి ఒకటి పోయిన వేసవి దాటాక మా ఇంట్లోనే విప్పాం. పొడి తెల్లగా లేదు, లేత గోధుమరంగు. చేత్తో నలిపితే కొంత రాలింది, అడుగున బిళ్లకట్టింది మాత్రం విరిగింది గానీ నలగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు తడిసి ఆరిన అట్టపెట్టె వాసన, దాని వెనకాలే నెలల కిందట అప్పడాలు వేయించి వదిలేసిన నూనె వాసన. గోరువెచ్చటి నీళ్లలో వేసి గిలక్కొడితే పైన సన్నటి జిడ్డు తేలింది, అడుగున ఇసకలా ఏదో మిగిలింది. "ఇప్పుడిది తాగితే ఏమన్నా అవుతుందామ్మా?" అన్నారాయన. "ఏమీ అవదు అన్నయ్యగారూ, కానీ తాగగలరా?" అన్నాను. ఆయన ఒక గుక్క నోట్లో వేసుకుని సింకు వైపు నడిచారు.

ఆ జిడ్డు దగ్గరే ఉంది అసలు కిటుకు. వెన్న ఉన్న పొడిలో వందకు 26 గ్రాములకు తగ్గకుండా కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వుకు గాలిలోని ఆక్సిజన్ తగిలితే చెడి పాత నూనె వాసన వేస్తుంది, వేడి ఉంటే ఇంకా తొందరగా చెడుతుంది. ఆక్సిజన్ పొట్లాలు కొంత ఆపుతాయి, నిజమే. కానీ ఇంట్లో ఇస్త్రీపెట్టెతో అతికించిన అంచులో వెంట్రుకవాసి సందున్నా చాలు. అసలు కొవ్వే లేకపోతే ఈ పాట్లన్నీ ఎందుకు?

మంగోలు గుర్రపు దండ్ల గురించి మార్కోపోలో చెప్పిన వివరం నాకు భలే ఇష్టం. వాళ్లు పాలు మరగబెట్టి, పైకి తేలిన మీగడంతా తీసి వెన్న చేసుకునేవాళ్లట, అది ఉన్నంతసేపూ పాలు ఎండవు కాబట్టి. మిగిలిన పాలను ఎండలో పెట్టి ఎండబెట్టేవాళ్లు. దండు కదిలేటప్పుడు మనిషికి పది పౌన్ల చొప్పున కట్టుకుని, పొద్దున్నే అర పౌను తోలు సంచిలో వేసి నీళ్లు పోసి జీనుకు తగిలించేవాళ్లు. గుర్రం పరిగెత్తుతుంటే ఆ కుదుపులకే కలిసిపోయేది, మధ్యాహ్నానికి భోజనం. ఏడు వందల ఏళ్ల కిందట, ఏ ప్రయోగశాలా లేకుండా, మీగడ వేరు పొడి వేరు అని వాళ్లకు తెలిసిపోయింది.

మన దేశంలో ఇదే పని ఓడల లెక్కన జరిగింది. పాడిని పెంచడానికి 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదటి దశకు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా ఐరోపా దేశాల మిగులు పాల సరుకు విరాళంగా వచ్చింది. 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్. రెండింటినీ కలిపి వెన్న ఉన్న పొడిగా పంపితే ఒకే సరుకయ్యేది కదా? పంపలేదు. విడివిడిగా తెచ్చి, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు డెయిరీల్లో నీళ్లు చేర్చి మళ్లీ పాలు చేశారు. అవి అమ్మిన డబ్బుతో ఊళ్లలో పాల సహకార సంఘాలు కట్టారు. ఉచితంగా వచ్చిన పొడి దేశం రైతును ముంచేస్తుందేమోనన్న భయం అప్పట్లో చాలామందికి ఉండేది, అది వేరే కథ. మనకు కావలసింది ఆ విడివిడి పద్ధతి. బటర్ ఆయిల్ అంటే ఇంచుమించు నెయ్యే. అంటే మన వంటింట్లో ఒక అరలో నెయ్యి, ఇంకో అరలో వెన్న తీసిన పాలపొడి ఉంటే ఆపరేషన్ ఫ్లడ్ గోదాము ఉన్నట్టే. కాచిన నెయ్యిలో నీరుండదు కాబట్టి తడి చెంచా పెట్టకుండా ఉంటే నెలల తరబడి ఉంటుంది. ఇంట్లో నెయ్యిని పాలలో కలపబోతే కలవదు, తేలుతుంది. దానికి డెయిరీలో యంత్రాలున్నాయి. మనకు వేడి అన్నం, పప్పు ఉన్నాయి. ముందు నెయ్యి, చివర మజ్జిగ, కడుపులోకి వెళ్లాక అన్నీ పాలే.

"పొడిపాలా!" అని మొహం చిట్లించేవాళ్లకు ఒక మాట. హాస్టల్ టీ, రైల్వే ప్లాట్‌ఫారం టీ తాగి పాలపొడి మీద ఏవగింపు తెచ్చుకున్న తరం మాది, నాకు తెలియనిది కాదు. కానీ రోజూ పొద్దున మన గుమ్మంలో పడే టోన్డ్ పాల పుట్టుకేమిటి? 1940ల్లో బొంబాయిలో డెయిరీ నిపుణుడు డి.ఎన్. ఖురోడీ చిక్కటి గేదెపాలలో వెన్న తీసిన పాలపొడీ నీళ్లూ కలిపి, వెన్న 3 శాతానికి దించి, సామాన్యుడికి అందే ధరకు తెచ్చిన పాలవి. గేదెపాలు పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేస్తే, గుజరాత్‌లోని ఆనంద్‌లో అమూల్ డెయిరీ నడిపిన కురియన్ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. దలాయా చేసి చూపించాడు. 1955లో నెహ్రూ వచ్చి అక్కడ ఆ పొడి చేసే ఫ్యాక్టరీ ప్రారంభించాడు. ఆ తర్వాత 1960ల చివర్లో విజయవాడలో కూడా యూనిసెఫ్ సాయంతో పాల ఫ్యాక్టరీ వచ్చింది. గేదెలు చలికాలంలో బాగా ఇస్తాయి, ఎండాకాలంలో తగ్గిస్తాయి. చలికాలపు మిగులును పొడి చేసి ఎండాకాలపు లోటుకు వాడుకోవడం డెయిరీలన్నీ చేసే పనే. కర్ణాటకలో 2013లో మొదలైన క్షీరభాగ్య పథకం కింద బడిపిల్లలకు పోసే పాలు పొడి కలిపినవే. కోలారు, బళ్లారి వైపు తెలుగిళ్ల పిల్లలూ అవే తాగి పెరుగుతున్నారు. కాబట్టి పాలపొడిలో దోషం లేదు. నీళ్లపాలు చేసి, చక్కెర కుమ్మరించి, సాయంత్రం దాకా మరగబెట్టిన టీ బండిలో ఉంది.

ఇక ఏం కొనాలి అన్న చోట చాలామంది పప్పులో కాలేస్తున్నారు. మన కిరాణా కొట్లలో పాలపొడి అడిగితే చేతికొచ్చేది ఎక్కువగా డెయిరీ వైట్నర్. దాంట్లో చక్కెర ముందే కలిపి ఉంటుంది, కొన్నింట్లో వందకు 18 గ్రాముల దాకా. టీకి బాగానే ఉంటుంది. దాంతో పెరుగు తోడుపెట్టి చూడండి, మజ్జిగన్నంలో ఆవకాయ నంజుకుంటే తియ్యటి మజ్జిగ తగులుతుంది. ఆ బాధ శత్రువుకు కూడా వద్దు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో "స్కిమ్డ్ మిల్క్ పౌడర్" అనుందా, చక్కెర పేరు లేదా అని చూసి తీసుకోండి. మిఠాయి దుకాణాల కోసం వచ్చే పాతిక కిలోల బస్తాలోంచి తూచి ఇచ్చే లూజు పొడి జోలికి వెళ్లొద్దు. అది ఎప్పుడు విప్పారో, ఎన్నిసార్లు తేమ తగిలిందో అమ్మేవాడికే తెలీదు.

మనకు ఆపదలో పాలు ఎందుకు కావాలి అన్నది అమెరికా వీడియోలు చెప్పలేవు. వాళ్లు గ్లాసు పాలు, సీరియల్ లెక్కలు వేస్తారు. తెలుగింట్లో పెద్దవాళ్లు గ్లాసుతో పాలు తాగడం తక్కువ. మనకు కావలసింది రెండే, పొద్దున టీయో కాఫీయో, అన్నంలోకి పెరుగు. 2014 అక్టోబరు 12న, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ మీదికొచ్చింది. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఫ్రిజ్‌లు ఆగాయి, మోటార్లు ఆగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. పాల ప్యాకెట్ ఎక్కడన్నా కనబడితే చెప్పిందే ధర. బియ్యానికి లోటు రాలేదు, పప్పుకు రాలేదు, ఉల్లిపాయలు కూడా ఉన్నాయి. మా ఇంట్లో ఇబ్బందంతా పెరుగు దగ్గరే. మా అత్తయ్యగారు ఊరగాయలతో, చారుతో రెండు పూటలు సర్దుకున్నారు. మూడో పూట కంచం ముందు కూర్చుని "మజ్జిగ లేకపోతే గొంతు దిగదే అమ్మాయ్" అన్నారు. ఆవిడ గారం పోతున్నారని కాదు, డెబ్భై ఏళ్ల అలవాటు.

ఇంకో నష్టం ఆలస్యంగా తెలిసింది. పాలు ఆగితే తోడు కూడా ఆగుతుంది. ఏళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న తోడు ఆ వారంలో పుల్లబడి, చివరికి పారబోయాల్సి వచ్చింది. పాలు దొరికాక కింది ఫ్లాట్ వాళ్ల దగ్గర ఒక చెంచా అడిగి తెచ్చుకున్నాం. అప్పటికి వాళ్లింట్లో ఉంది, ఎందుకంటే వాళ్ల దగ్గర పాలపొడి ఉంది. రోజూ ఒక చిన్న గిన్నెడు కలిపి తోడుపెట్టి నిలబెట్టుకున్నారు. ఎండుమిరపకాయ తొడిమలు వేసి కొత్తగా పెరుగు పుట్టించే ఉపాయం కూడా మన ఆడవాళ్లకు తెలుసు గానీ, మొదటిసారి తోడుకున్నది తినబుద్ధి కాదు, దాన్ని తోడుగా వాడి రెండోసారి పెట్టుకోవాలి.

పొడితో పెరుగు కుదరదని చాలామంది అనుకుంటారు. కుదురుతుంది, ప్యాకెట్ పాలతోకన్నా గట్టిగా. తాగే పాలకైతే లీటరు నీళ్లకు 100 గ్రాముల పొడి. పెరుగుకు 130, 150 దాకా వేయాలి. పొడిని నీళ్లలో కుమ్మరించకూడదు, ఉండలు కడుతుంది. ముందు గిన్నెలో పొడి వేసి, గోరువెచ్చటి నీళ్లు కొంచెం పోసి దోసెపిండి జారుగా కలిపి, ఆపైన మిగతా నీళ్లు పోయాలి. ఒక పొంగు రానిచ్చి, సన్నటి సెగ మీద కాసేపు ఉంచి, చిటికెనవేలు పెట్టి ఓర్చుకోగలిగే వేడికి దిగాక తోడు వెయ్యాలి. మీగడ మాత్రం కట్టదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎంత కొనాలి? నలుగురున్న ఇంటికి రోజుకు టీకి అర లీటరు, పెరుగుకు లీటరు అనుకుందాం. రెండు వారాలకు 21 లీటర్లు. పెరుగు పాళ్లు కాస్త పెంచినా రెండున్నర కిలోల పొడి సరిపోతుంది. తుఫాను తర్వాత రెండు వారాల్లో ఏదో ఒక దారిన పాలు రాకుండా ఉండవు, కాబట్టి అంతకుమించి పెట్టుకుని ఎవరిని ఉద్ధరించాలి? అర కిలో ప్యాకెట్లుగానే కొనండి. విప్పిన ప్యాకెట్ ఆ అవసరంలో మూడు రోజుల్లో చెల్లిపోతుంది, చెడే వ్యవధి ఉండదు. కిలో ధర చూసి గుండె గుభేలుమంటుంది గానీ లీటర్లలోకి మార్చి చూస్తే ప్యాకెట్ పాలకు కాస్త అటూ ఇటూ, అంతే.

కొన్న తేదీ రాసుకుని వెనకవాటిని ముందుకు జరుపుతూ నెలకో రెండు నెలలకో ఒకటి వాడేయాలి. వాడకానికి కొదవేముంది? ఎండాకాలంలో ప్యాకెట్ పాలు పలచబడి పెరుగు నీళ్లోడుతుంటే రెండు చెంచాలు కలపండి. పండక్కి గులాబ్ జామ్, హడావిడి కోవా ఉండనే ఉన్నాయి. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి కరెంటు పోయి, రోడ్లు గడ్డకట్టి ఇంట్లో చిక్కుకున్నప్పుడు గట్టెక్కింది కూడా ఇలాగే. "వదినా, గులాబ్ జామ్‌లకని తెచ్చిన డబ్బా మా వీధి మొత్తానికీ టీ పోసింది" అంది. అక్కడ మామూలు దుకాణాల్లో దొరికే పొడి ఎక్కువగా వెన్న తీసిందే. ఆమె దాన్ని ఆపద కోసం దాచలేదు, వాడుకునే సరుకు ఇంట్లో ఉంది, అంతే.

ప్యాకెట్లు పెట్టే చోటు ఇంట్లో అన్నిటికంటే చల్లటి గది. మామూలుగా అది ఉత్తరం వైపు పడగ్గది, బీరువా కింది అర. వంటిల్లు కానే కాదు, అటక అసలే కాదు. విప్పిన ప్యాకెట్ బిగువు మూత ఉన్న స్టీలు డబ్బాలోకి. పొగలు కక్కే టీ గిన్నె మీద డబ్బా వంచి చెంచాతో తీసే అలవాటు ఒకటి ఉంది మనకు. ఆ ఆవిరి తగిలే పొడి గడ్డలవుతుంది. పక్కకు తిరిగి పొడి చెంచాతో తీసి, మూత పెట్టి, అప్పుడు కలపండి.

"ఇంత తతంగం ఎందుకు, టెట్రాప్యాక్ పాలు పెట్టుకుంటే పోలా?" అని మా అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. విప్పకుండా ఉంటే అవి నెలల తరబడి బయటే ఉంటాయి, నీళ్లు అక్కర్లేదు. కానీ 21 లీటర్లంటే 21 కిలోల పైమాటే, పెట్టడానికి ఒక అలమరా కావాలి. విప్పాక ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకే. నా ఉద్దేశంలో మొదటి రెండు రోజులకు నాలుగు టెట్రాప్యాక్‌లు, ఆ తర్వాతకు పొడి. ఎందుకంటే మొదటి రెండు రోజులు మంచినీళ్లకే గతి ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని కూతురు రెండో అంతస్తులో చిక్కుకుంది. ఫోన్ కలిసినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న తిండి గురించి. "పాలపొడి ఉందక్కా, కలుపుకోవడానికి మంచినీళ్లే లేవు" అంది, బాల్కనీ కింద నడుంలోతు నీళ్లు చూస్తూ. లీటరు పాలు కావాలంటే లీటరు తాగునీళ్లు చేతిలో ఉండాలి, కాచుకోవడానికి గ్యాస్ ఉండాలి. పాలపొడి కొనేముందు రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు కొనండి. ఈ ఒక్క విషయంలో మోర్మన్ల మాట మనకూ వర్తిస్తుంది, వాళ్లూ నీళ్ల నిలవ గురించి గట్టిగానే చెబుతారు.

చంటిపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఏడాది నిండని బిడ్డకు ఈ పొడి పాలు పనికిరావు. వెన్న తీసినవీ కావు, తీయనివీ కావు. చంటిపిల్లల కోసం చేసిన పాలపొడి వేరే సరుకు, దాని ప్రచారం మీద 1992 నుంచి మన దగ్గర చట్టమే ఉంది. అయినా ప్రతి వరదకూ ఎవరో ఒకరు ఉత్సాహంగా చందాలు పోగుచేసి బాబు బొమ్మ ఉన్న డబ్బాలు, ప్లాస్టిక్ పాలసీసాలు పట్టుకుని శిబిరాలకు బయల్దేరతారు. 2006లో ఇండోనేషియాలో యోగ్యకర్తా భూకంపం తర్వాత ఇలాగే డబ్బాలు పంచారు. అవి అందిన ఇళ్లల్లో పసివాళ్లకు విరేచనాలు, అందని ఇళ్లకన్నా రెట్టింపు స్థాయిలో కనబడ్డాయని ఆ తర్వాత సర్వేలో తేలింది. కారణం పొడి కాదు, దాన్ని కలిపిన నీళ్లు, కడగని సీసా. పాలిచ్చే తల్లికి కడుపునిండా తిండి, పడుకోవడానికి చాటు ఇస్తే బిడ్డకు కావలసింది ఆమె దగ్గరే ఉంటుంది. ఈ సంగతి చెబితే సేవ చేయబోతే అడ్డుపడుతున్నానని నా మీద కోప్పడ్డవాళ్లున్నారు. పడనివ్వండి.

శిబిరానికి పాలపొడి ఇవ్వాలనే ఉంటే నేరుగా వంటశాలకు ఇవ్వండి, మనిషికో డబ్బా చొప్పున పంచకండి. అక్కడ పెద్ద గుండిగలో నీళ్లు మరుగుతుంటాయి, కలిపేవాడికి చేయి తిరిగి ఉంటుంది, వందమందికి టీ, సాయంత్రానికి మజ్జిగ అయిపోతుంది. చక్కెర లేని, వెన్న తీసిన పొడి, గడువు తేదీ ముందున్నది. దాంతోపాటు రెండు కిలోల టీపొడి, నాలుగు స్ట్రిప్పుల క్లోరిన్ బిళ్లలు.